చెంచాడు నీళ్ళ చరిత్ర



యతిభేదాల మీద రెండవ భాగం వ్రాస్తానని క్రిందటి టపాలో మాట ఇచ్చాను. ఆ మాట ఇంకొన్నాళ్ళు వాయిదా వేస్తున్నందుకు మన్నించండి. మనస్సు వేరొక చోట చిక్కుకుని ఉన్నప్పుడు ఛందస్సు సాగదు.

క్రిందటి నెలలో ఒక రాత్రి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారూ, పాపకు సాయంత్రం నుంచి ఆరేడు విరేచనాలయ్యాయి. రెండుసార్లు కక్కింది. డాక్టరుగారు ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టిస్తూ ఉండమన్నారు. మత్తుగా ఉన్నా, త్రాగలేకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు. మీరేం కంగారు పడకండి" అంది. పాపకు పదినెలలు. తెల్లవారేసరికి ఆ పిల్ల లేచి కూర్చుని బొమ్మను నేలకేసి కొడుతోందట. తల్లికి అదొక అలసట రాత్రి, అంతే. నేను మాత్రం ఆ రాత్రి కన్ను మూయలేదు. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కు వెళ్ళాలి.

1968 జ్యేష్ఠమాసం. నాకు తొమ్మిదేళ్ళు. కృష్ణా డెల్టాలో కాలువ గట్టున మా ఊరు. కాలువలు కట్టేసిన రోజులు. త్రాగడానికి చెరువు అడుగున మిగిలిన నీళ్ళే గతి. మా చెల్లాయికి అప్పుడు సరిగ్గా పదినెలలు. ఒక ఉదయం మొదలైన విరేచనాలు సాయంత్రానికి నీళ్ళలాగా అయిపోయాయి. ఇంట్లో పెద్దలూ, ఊళ్ళో తెలిసినవాళ్ళూ ఒకటే మాట చెప్పారు. "కడుపు మాడ్చాలి. నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయి. పాలు అసలే వద్దు." మా అమ్మ ఆ మాట జవదాటలేదు. తడిగుడ్డతో పెదవులు మాత్రం తడిపింది. చెల్లాయి నీళ్ళచెంబు వైపు చూసి చేతులు చాచడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. రెండవ రోజు రాత్రి అది ఏడుస్తుంటే కన్నీళ్ళు రాలేదు. మాడు గుంట పడింది. కళ్ళు లోపలికి పోయాయి. తెల్లవారుజామున వెళ్ళిపోయింది.

ఎవరినీ తప్పు పట్టడానికి ఇది వ్రాయడం లేదు. అందరూ ఆ పిల్ల బ్రతకాలనే కోరుకున్నారు. వాళ్ళకు తెలిసినది చేశారు. ఆ తెలిసినదే తప్పు. చదువు చెప్పడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి కనుక ఈ ముక్క నన్ను వదలదు. ఆ తప్పును మనుష్యులు ఎలా దిద్దుకున్నారో ఇన్నాళ్ళకు కూర్చుని చదివాను. ఆ చరిత్రే ఈ టపా.

ముందుగా ఒక మాట గురించి. "లంఖణం పరమౌషధం" అని మనవారి సామెత. సరియైన రూపం లంఘనం. జనవ్యవహారంలో లంఖణమయింది. ఆయుర్వేదం జ్వరాదులలో లంఘనం చెప్పిన మాట నిజమే. కాని పసిబిడ్డలకూ, గర్భిణులకూ, వృద్ధులకూ అది కూడదని ఆ శాస్త్రమే హెచ్చరించింది. సామెత మాత్రం ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఆ హెచ్చరికను దారిలో వదిలేసి వచ్చింది. సామెతలతో చిక్కు ఇదే. నాలుక మీద నిలవడానికి అవి పొట్టివవుతాయి. పొట్టివయ్యేటప్పుడు ఏ ముక్క రాలిపోయిందో ఎవరూ చూడరు.

అతిసారం అన్నా, వాంతిభేది అన్నా, విషూచి అన్నా, తెలంగాణంలో గత్తర అన్నా, ఈ మాటలన్నీ మన భాషలో భయంతోనే పుట్టాయి. గోదావరి జిల్లాలలోనూ, విశాఖ వైపూ మరిడి పేరుతో అమ్మవారే వెలిసింది. "నీకు గత్తర రాను" అన్నది తిట్టుగా మిగిలింది. అంటే జనానికి ఆ చావు ఎంత దగ్గరగా తెలుసో ఆలోచించండి. వీటిలో కలరా వేరు, మామూలు అతిసారం వేరు. కారణాలు వేరైనా బిడ్డను చంపే పద్ధతి మాత్రం ఒకటే. శరీరంలోని నీరూ, ఉప్పూ బయటకు పోతాయి. రక్తం చిక్కబడి, పరిమాణం తగ్గి, నాడి అందకుండా పోతుంది. పెద్దవాళ్ళకంటె పసివాళ్ళకు ఇది మరీ త్వరగా జరుగుతుంది. అప్పుడే పుట్టిన శిశువు బరువులో సుమారు 75 శాతం నీరే. నిలువ తక్కువ, ఖర్చు ఎక్కువ. పెద్దవాడు రెండు రోజులు ఓర్చుకునే నష్టాన్ని పసిబిడ్డ ఒక పూట కూడా ఓర్చుకోలేకపోవచ్చు. అడిగి త్రాగడానికి నోట మాట కూడా ఉండదు.

పోయినది నీరూ, ఉప్పూ అయితే వాటినే తిరిగి ఇస్తే సరి కదా అని మనకిప్పుడు తోస్తుంది. ఆ మాట మొదట తోచినది 1831లో. ఇంగ్లండులో కలరా చెలరేగినప్పుడు విలియం బ్రూక్ ఓషానెసీ అనే యువవైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తగ్గిపోయాయని, వాటిని తిరిగి ఎక్కించాలని ప్రకటించాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. ఆ తరువాత అతడు మన దేశానికే వచ్చి, కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రం బోధించి, చివరకు దేశమంతటా టెలిగ్రాఫు తీగలు వేయించిన మహానుభావుడయ్యాడు.

అతని మాటను ఆచరణలో పెట్టినవాడు థామస్ లాటా. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణంలో, చావుకు సిద్ధంగా ఉన్న ఒక వృద్ధురాలి నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. మూసుకుపోయిన కళ్ళు తెరచుకున్నాయి. నాడి తిరిగి వచ్చింది. ఇక పరవాలేదని లాటా ఆమెను ఆసుపత్రి వైద్యుడికి అప్పగించి వెళ్ళాడు. ఆమెకు మళ్ళీ విరేచనాలు మొదలయ్యాయి. మళ్ళీ నీరెక్కించినవారు లేరు. కొద్ది గంటలలో ఆమె మరణించింది. ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మందు పని చేసింది. పరిచర్య ఆగిపోయింది. ఒకసారి పోసి ఊరుకుంటే చాలదు, పోతున్నంతసేపూ పోస్తూనే ఉండాలి అన్న పాఠం ఆ మొదటి రోగి మరణంలోనే ఉంది. దాన్ని లోకం నేర్చుకోవడానికి ఇంకా నూట ముప్పై ఏళ్ళు పైగా పట్టింది.

లాటా మరుసటి ఏడే కన్నుమూశాడు. ఆ పద్ధతి మరుగున పడింది. 20వ శతాబ్దపు తొలి దశకాలలో లియొనార్డ్ రోజర్స్ కలకత్తాలో నరంలోకి ఉప్పునీరెక్కించే చికిత్సను తిరిగి నిలబెట్టి కలరా మరణాలను గణనీయంగా తగ్గించాడు. మన ఊళ్ళలో "సెలైను పెట్టించాము" అనే మాట ఆ వంశానికి చెందినదే. అయితే దానికి శుద్ధి చేసిన ద్రవం కావాలి, సూది కావాలి, సీసా వేలాడదీయడానికి చోటు కావాలి, అన్నిటినీ మించి నరం దొరకబుచ్చుకోగల చేయి కావాలి. ఎండిపోయిన పసిబిడ్డ చేతిలో నరం వెదకడం నిపుణులకే పరీక్ష. ఆసుపత్రికి ఇరవై మైళ్ళ దూరంలో, కాలువ గట్టున ఉన్న మాబోటివాళ్ళకు అది ఉన్నా లేనట్లే.

మరి నోటితో పట్టిస్తే? ఆ పని కలకత్తాలోనే ఒక బెంగాలీ వైద్యుడు చేశాడు. హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లో ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్‌లో తన అనుభవాన్ని ప్రకటించాడు. వాంతి ఆగడానికి మందిచ్చి, గ్లూకోజు, ఉప్పు కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి 186 మంది కలరా రోగులకు చికిత్స చేశాడు. విరేచనాలు తగ్గడానికి ఒక ఆకు రసం కూడా ఇచ్చాడు. ఆ ఆకు మన పెరళ్ళలో పెరిగే వామాకేనని తెలిసినప్పుడు నాకు నవ్వూ, దిగులూ కలిసి వచ్చాయి. కాని ఆ వ్యాసాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. పోల్చి చూడడానికి రెండవ జట్టు లేదు. ఎందుకు పని చేస్తుందో చెప్పే శాస్త్రం అప్పటికింకా పుట్టలేదు.

ఆ శాస్త్రం 1960లో వచ్చింది. రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రేగ్ నగరంలో జరిగిన సభలో ఒక ఊహను వివరించాడు. చిన్నప్రేగు గోడలో ఒక ద్వారం ఉంది. దాని గుండా చక్కెర ఒంటరిగా లోపలికి పోదు. ఉప్పులోని సోడియమును తోడు తీసుకుని పోతుంది. ఆ రెండూ పోయిన వెంట నీరు పోతుంది. కలరా విషం ప్రేగులోకి నీటిని వెల్లువగా వదిలిస్తుంది కాని ఈ ద్వారాన్ని మాత్రం పాడు చేయలేదు. మా డెల్టా భాషలో చెప్పాలంటే, గట్టు తెగి నీరంతా పోతున్నా ఒక తూము మాత్రం పొలంలోకి నీటిని పంపుతూనే ఉంది. ఆ తూము తలుపు తెరవడానికి చక్కెర కావాలి. వట్టి నీళ్ళు ఆ పని చేయలేవు, వట్టి ఉప్పునీళ్ళూ చేయలేవు. "నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయి" అన్న మా ఊరివారి మాటలో ఒక అర సత్యం ఉంది, చూశారా! చక్కెర, ఉప్పు సరియైన పాళ్ళలో కలిస్తే ఆ మాట తప్పవుతుంది.

ఇక ఢాకా. ఆనాటి తూర్పు పాకిస్తానులో 1960లో కలరా పరిశోధనశాల వెలిసింది. అక్కడ పనిచేస్తున్న డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అనే ఇద్దరు అమెరికా వైద్యులకు అప్పటికి ముప్పై ఏళ్ళైనా నిండలేదు. నోటి చికిత్స అంతకు ముందు కొన్నిచోట్ల విఫలమైంది. మనీలాలో జరిగిన ఒక ప్రయత్నంలో రోగులు మరణించారు కూడా. అందువల్ల పెద్దలు జంకుతున్నారు. ఈ యువకులు పట్టుకున్న కిటుకు చాలా మామూలుది. రోగి నుండి ఎంత పోతున్నదో కొలిచి, అంతా నోటి ద్వారా తిరిగి ఇవ్వాలి. పోయినంత పోయాలి, పోతున్నంతసేపూ పోయాలి. 29 మంది రోగుల మీద చూస్తే నరంలోకి ఎక్కించవలసిన ద్రవం సుమారు 80 శాతం తగ్గిపోయింది. రఫీకుల్ ఇస్లాం, మజీద్ మొల్లా అనే స్థానిక వైద్యులు కూడా ఆ పనిలో భాగస్వాములు. ఆ ఫలితాలు లాన్సెట్‌లో వెలువడినది 1968 ఆగస్టులో.

1968 ఆగస్టు. మా చెల్లాయి పోయి అప్పటికి రెండు నెలలు దాటింది, అంతే.

అయితే తొందరపడి ఆ రెండు నెలలనే తలచుకుని ఏడవనక్కరలేదు. ఆ వ్యాసం అచ్చయినా మా ఊరికి వచ్చేది కాదు. ఆసుపత్రి మంచం మీద, కొలతపాత్రలతో, శిక్షణ పొందినవారి కళ్ళ ముందు మాత్రమే అది పని చేస్తుందని అప్పటి వైద్యలోకం నమ్మకం. చదువురాని తల్లి చేతిలో పెడితే పని చేస్తుందని ఎవరూ ఊహించలేదు. ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టినది శాస్త్రం కాదు, ఒక యుద్ధం.

1971 మార్చి నెలాఖరులో తూర్పు పాకిస్తానులో మారణకాండ మొదలైంది. నెలల వ్యవధిలో సుమారు కోటిమంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. శిబిరాలలో కలరా పుట్టింది. పశ్చిమబెంగాలులోని సరిహద్దు పట్టణం బన్‌గావ్‌కు ఆ జూన్ 24న కలకత్తా నుండి ఒక వైద్యబృందం చేరింది. దాని నాయకుడు దిలీప్ మహలనబిస్. వృత్తికి శిశువైద్యుడు. పుట్టినది ఆ సరిహద్దు ఆవలనే, కిశోర్‌గంజ్‌లో, 1934లో. ఆసుపత్రిలో రెండు గదుల నేలంతా రోగులు పరచుకుని ఉన్నారు. వారికి సెలైను పెట్టాలంటే వారి మలమూ, వాంతీ నిండిన నేల మీద మోకరిల్లవలసి వచ్చిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. శిక్షణ ఉన్నవారు ఇద్దరే. రెండు రోజులు తిరిగేసరికి ఈ యుద్ధంలో ఓడిపోతున్నామని ఆయనకు అర్థమైంది. సెలైను సీసాలు చాలవు. ఎక్కించే చేతులూ చాలవు.

అప్పుడాయన ఒక నిర్ణయం తీసుకున్నారు. కలకత్తాలో తాము పనిచేసే జాన్స్ హాప్కిన్స్ కేంద్రపు గ్రంథాలయాన్నే కర్మాగారంగా మార్చారు. లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, మామూలు ఉప్పు 3.5 గ్రాములు, తినేసోడా 2.5 గ్రాములు తూచి, ప్లాస్టిక్ సంచులలో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించారు. లీటరుకు పడిన ఖర్చు 11 పైసలు. శిబిరంలో పీపాలలో నీళ్ళు పోసి ఈ పొడి కలిపారు. దానికి "ఓరల్ సెలైను" అని పేరు పెట్టారు. సెలైను అంటే ప్రాణం పోసేదని జనానికి తెలుసు కనుక నోటితో త్రాగే సెలైను అంటే నమ్మకం కుదిరింది. పేరు పెట్టడంలో కూడా వైద్యం ఉంటుందని నాబోటి భాషాపండితుడు దీనివల్ల నేర్చుకోవాలి.

నాడి అందనంతగా క్రుంగినవారికి మొదట సెలైను ఎక్కించి నిలబెట్టేవారు. తక్కినదంతా నోటి ద్వారానే. ఆ నోటికి అందించినది ఎవరు? నర్సులు కారు. తల్లులు, అక్కలు, నాయనమ్మలు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, అక్షరం ముక్క రాక, తామే ఆకలితో ఉన్నవాళ్ళు. పీపా దగ్గరకు వెళ్ళి, గిన్నె నింపుకొని వచ్చి, బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని గుక్క గుక్కగా పట్టించారు. పగలూ రాత్రీ. లీత్ పట్టణంలో ఆ వృద్ధురాలి ప్రక్కన ఎవరు లేకపోయారో, ఆ మనిషి ఇక్కడ ప్రతి రోగి ప్రక్కనా ఉంది.

సుమారు రెండు నెలలలో 3,700 మందికి పైగా రోగులు ఆ బృందం చేతి మీదుగా వెళ్ళారు. అంతకు ముందు శిబిరాలలో నూటికి ముప్పై దాకా మరణిస్తుండగా, ఈ బృందం చూసుకున్నవారిలో మరణాలు నూటికి నాలుగు లోపే. కలిపే పద్ధతిని కరపత్రాలలో అచ్చు వేసి సరిహద్దు పొడుగునా పంచారు. బంగ్లాదేశ్ పోరాటయోధుల రహస్య రేడియోలో కూడా చదివించారు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన ధీమాన్ బరువా ఆ శిబిరాన్ని స్వయంగా చూసి, ఈ పద్ధతిని లోకమంతటా తీసుకువెళ్ళాలని పట్టుబట్టారు.

అక్కడికి దూరాన, అమెరికాలోని అరిజోనాలో నార్బర్ట్ హిర్ష్‌హార్న్ బృందం అపాచీ తెగ పిల్లల మీద చేసిన పరిశీలన 1973లో వెలువడింది. అతిసారంతో ఉన్న పసివాళ్ళకు ఈ ద్రవాన్ని అడిగినంత ఇచ్చి చూశారు. వాళ్ళు తమకు ఎంత కావాలో అంతే త్రాగారు. అంటే బిడ్డ దాహమే కొలత. నీళ్ళచెంబు వైపు చేతులు చాచిన బిడ్డ అడుగుతున్నది సరియైన మందునే. ఈ వాక్యం వ్రాసి కాసేపు లేచి వెళ్ళి వచ్చాను.

1975లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, యునిసెఫ్ కలిసి పొటాషియం కూడా చేర్చి ఒకే కొలతను ఖరారు చేశాయి. 1978లో లాన్సెట్ సంపాదకీయం ఈ కనుగోలును ఆ శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైనది కాగలదని కొనియాడింది. 2002లో ఉప్పూ, చక్కెరా కొంత తగ్గించి నేటి కొలత తెచ్చారు. 2004 నుండి దానికి తోడుగా జింకు కూడా ఇమ్మంటున్నారు.

కాని ఉపాధ్యాయుడిగా నన్ను ఆకట్టుకున్న ఘట్టం వేరొకటి ఉంది. 1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఊరూరా, ఇంటింటికీ తిరిగి తల్లులకు ఈ ద్రవం తయారీ నేర్పడానికి పూనుకుంది. పొట్లాలు అందని చోట మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్ళు. నేర్పినవారు గ్రామీణ స్త్రీలు. గుర్తుంచుకోవలసిన పది అంశాలు. కొద్ది వారాల తరువాత వేరొకరు వచ్చి తల్లిని ప్రశ్నించేవారు. తల్లికి ఎన్ని అంశాలు గుర్తున్నాయో దాన్నిబట్టి నేర్పినామెకు జీతం! శిష్యుడికి ఎంత మిగిలిందో అంతే గురువుకు కూలి. ముప్పై ఏళ్ళకు పైగా నెల తిరిగేసరికి జీతం తీసుకున్న నేను ఈ పద్ధతి చదివి సిగ్గుపడ్డాను. ఆ లెక్కన నాకెన్ని నెలలు పస్తులు పడేవో!

తల్లులకు పదీ గుర్తున్నాయి. తీరా చూస్తే బిడ్డకు జబ్బు చేసినప్పుడు చాలామంది ఆ ద్రవం ఇవ్వడం లేదు. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే స్త్రీలలోనే పలువురికి దాని మీద నమ్మకం లేదని తేలింది. తమ ఇంట్లో జబ్బు చేస్తే తామే వాడడం లేదు. ఇళ్ళలో మగవారికి సంగతి చెప్పనే లేదు. అప్పుడు నేర్పేవారికే ముందు అది ఎందుకు పని చేస్తుందో వివరించారు. మగవారితో బజారులలో, మసీదుల దగ్గర మాట్లాడారు. 1990 నాటికి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. నేడు అతిసారం వచ్చిన బిడ్డకు ఈ ద్రవం పట్టించడంలో ఆ దేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. కంఠస్థం వేరు, నమ్మకం వేరు. పాఠం చెప్పేవాడు నమ్మని పాఠం పిల్లవాడి ఇంటిదాకా పోదు.

మా ఊరికి ఆ పొట్లం 1980ల నడుమ వచ్చింది. అప్పటికి నేను ప్రక్క మండలంలో తెలుగు పండితుడిగా పని చేస్తున్నాను. ఆరోగ్యకార్యకర్త ఒకామె బడికి వచ్చి, పిల్లల ముందు ఒక గిన్నెలో కలిపి చూపించి, పొట్లం వెనుక ఉన్న తెలుగును నన్ను చదవమంది. చదివాను. విరేచనాలవుతున్నా బిడ్డకు నీరూ, తల్లిపాలూ ఆపరాదని ఉంది. బిగ్గరగా మొదలుపెట్టినవాణ్ణి ఆ వాక్యం దగ్గర గొంతు పెగల్చలేకపోయాను. ఆ పొట్లం జేబులో వేసుకొని ఇంటికి వచ్చాను కాని అమ్మకు చూపించలేదు. చూపించి ఏమని చెప్పను? నీవు ఇవ్వకుండా ఆపిన నీళ్ళే మందని చెప్పనా? నాలుగైదేళ్ళు ఆ సంగతి ఆమె దగ్గర దాచాను. గురువుగా అది నేను చేసిన పెద్ద తప్పు.

ఆమెకు ఎవరో చెప్పనే చెప్పారు. ఒక వేసవిలో మా వీధిలోని కోడలుపిల్ల బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ ఇంటి పెద్దలు మళ్ళీ అదే పాట, కడుపు మాడ్చమని. మా అమ్మ ఎన్నడూ ఎవరి ఇంటి వ్యవహారంలోనూ తలదూర్చదు. ఆ రోజు మాత్రం పొట్లం తెప్పించి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, ఆ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, తెల్లవార్లూ చెంచాతో పట్టిస్తూ కూర్చుంది. కక్కినప్పుడల్లా కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లవాడు దక్కాడు. సెలవులకు వెళ్ళిన నాతో ఆమె ఆ సంగతి చెప్పి, "ఇంతేనట్రా. ఉప్పూ, చక్కెరా, నీళ్ళూ. మన ఇంట్లో ఆనాడు మూడూ ఉన్నాయి" అంది. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. 2004లో పోయేదాకా ఆమె పెట్టెలో మాత్రం నాలుగు పొట్లాలు ఎప్పుడూ ఉండేవి. వీధిలో ఏ పిల్లకు జబ్బు చేసినా మొదట తట్టేది మా తలుపే.

మహలనబిస్ 2022 అక్టోబరులో కలకత్తాలో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ పేరు విన్నవారు మనలో ఎందరో ఎవరికి వారు చెప్పుకోవాలి.

చరిత్ర ముగిసిందనుకుంటే పొరపాటు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అతిసారం వచ్చిన పిల్లలలో ఈ ద్రవం అందినది సుమారు 60 శాతానికే. ఊరూరా ఆశా కార్యకర్తల సంచిలో ఉచితంగా దొరికే పొట్లం ఇది. మరొక ప్రక్క, చక్కెర మోతాదు మించిన పానీయాలు "ఓఆర్‌ఎస్" అన్న అక్షరాలను పేరులో తగిలించుకుని మందులషాపులలోనే అమ్ముడుపోయాయి. చక్కెర మితిమీరితే విరేచనాలు ఎక్కువవుతాయి. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాలు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. పేరు పెట్టడంలో వైద్యం ఉన్నట్లే మోసమూ ఉంటుందన్నమాట.

ఇంట్లో పసివాళ్ళున్న మిత్రులు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ప్రపంచ ఆరోగ్యసంస్థ కొలత అని వ్రాసి ఉన్న పొట్లాన్ని, దాని మీద చెప్పిన కొలత ప్రకారం, సాధారణంగా లీటరు శుభ్రమైన నీటిలో మొత్తం ఒకేసారి కలపండి. కలిపినది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, చెంచాతో నెమ్మదిగా పట్టించండి. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. తినే బిడ్డకు తిండి ఆపవద్దు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, త్రాగలేకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మలంలో రక్తం కనబడినా, ఎంత పట్టించినా కక్కేస్తున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిలో కూడా, త్రాగగలిగినంతసేపు, పట్టిస్తూనే ఉండండి.

ఓషానెసీ నుండి బన్‌గావ్ దాకా నూట నలభై ఏళ్ళు. అందులో చివరి మూడేళ్ళూ శాస్త్రం దొరకక పోయినవి కావు. చదువురాని తల్లి చేతిని నమ్మడానికి పట్టినవి. నమ్మి ఆ చేతికి గిన్నె అందించగానే ఆమె పని చేసి చూపించింది. మా అమ్మ చేయి కూడా అటువంటిదే. ఆమెకు ఆనాడు ఎవరూ అందించలేదు, అంతే.

యతిభేదాలు వచ్చేసారి తప్పక.

సెలవు.